బాఖ్‌కీ షోస్టకోవిచ్‌కీ ఒకటే చెయ్యి

స్వరకర్త ఏ కాలంవాడో చూసుకుని పియానిస్టులు చెయ్యి మార్చుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ అయితే వేళ్ళు తేలిగ్గా పడతాయి, స్వరానికీ స్వరానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు సంగీతమైతే బరువూ పెడలూ వచ్చి చేరతాయి. రష్యన్ పియానిస్టు తత్యానా నికొలాయెవా (1924–1993) అలా మార్చలేదు. ఆమె ప్రత్యేకత అదే, ఆమెతో పేచీ కూడా అక్కడే.

బాఖ్ పోయి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా 1950లో లైప్‌జిగ్‌లో జరిగిన పోటీలో ఆమె గెలిచారు. న్యాయనిర్ణేతల్లో సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ ఒకరు. ఆయన మాస్కో తిరిగొచ్చి, ఆ అక్టోబరులో మొదలుపెట్టి, 1951 ఫిబ్రవరికల్లా 24 ప్రిలూడ్లు, 24 ఫ్యూగులు రాసేశారు. 1952 డిసెంబరులో లెనిన్‌గ్రాద్‌లో రెండు కచేరీల్లో వాటన్నిటినీ తొలిసారి వినిపించింది నికొలాయెవానే.

ఫ్యూగ్‌లో ఒక గొంతు షడ్జమం నుంచి ఎత్తుకున్న పల్లవిని రెండో గొంతు పంచమం నుంచి అందుకుంటుంది, తర్వాత మూడోది, నాలుగోది. ప్రిలూడ్‌ని మన ఆలాపనతో పోల్చబుద్ధేస్తుంది కానీ కుదరదు, ఇక్కడ ప్రతి స్వరమూ ముందే రాసిపెట్టి ఉంటుంది. బాఖ్ కూడా ఇలాంటి 24 జంటలు రాశారు; ‘వెల్ టెంపర్డ్ క్లేవియర్’ పేరుతో ఉన్న ఆ 1722 నాటి మొదటి సంపుటిలో సి మేజర్ (సి స్వరమే షడ్జమంగా నడిచే) ఫ్యూగ్ 27 బార్లే (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిది), అందులోనే పల్లవి 24 సార్లు వస్తుంది. షోస్టకోవిచ్ సి మేజర్ ఫ్యూగ్‌లో పియానో నల్లమెట్టు ఒక్కసారి కూడా తగలదు. కాగితం మీద రెండోది చాలా సులువుగా కనిపిస్తుంది.

వాయించబోతే తెలుస్తుంది ఇబ్బంది. పియానో స్వరం మీటిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది. నెమ్మది ఫ్యూగ్‌లో పైగొంతు ఒక స్వరాన్ని రెండు బార్లు పట్టుకుని ఉండాలంటే దాన్ని మొదట్లోనే కాస్త గట్టిగా మీటి, కింది గొంతులను తగ్గించుకోవాలి. పెడల్ తొక్కితే స్వరం నిలుస్తుంది, నిజమే. కానీ పక్కపక్క స్వరాలు ఒకదానిమీదొకటి పడి అంతా అలుక్కుపోతుంది. అన్నీ తెల్లమెట్లే కదా అని ఏమరితే బురదే. దారి ఒక్కటే: నాలుగో వేలు పట్టుకున్న మెట్టును వదలకుండా దానిమీదికే అయిదో వేలును జరిపి, ఖాళీ అయిన వేలితో కింది గొంతును అందుకోవడం. ఈ మార్పిడిలో మెట్టు పైకి లేచిందా, డ్యాంపర్ (తీగను ఆపే మెత్త) తీగమీద పడి స్వరం అక్కడే చస్తుంది.

నికొలాయెవా వాయింపులో వినాల్సింది ఈ పట్టునే. పల్లవి వచ్చిన ప్రతిసారీ దాన్ని గుద్ది చూపించడం చాలామందికి అలవాటు. ఆమె మిగతా గొంతులనూ పాడనిస్తారు. షోస్టకోవిచ్ బి ఫ్లాట్ మైనర్ ఫ్యూగ్ (16వది) మహా నెమ్మది, లయ అడుగడుగునా వంకర్లు తిరుగుతుంది. అక్కడ ఈ పట్టు లేనివాళ్ళ చేతిలో మూడు నిమిషాలకే వినేవాళ్ళ ధ్యాస చెదురుతుంది. అదే పట్టుతో బాఖ్ వాయిస్తే మాత్రం హార్ప్‌సికార్డ్‌కు (పియానోకి ముందటి, తీగలను మీటే వాద్యం) అలవాటుపడ్డ చెవులకు బరువనిపించవచ్చు. నాకు అది లోపంగా తోచదు. బాఖ్ ఆ ప్రతిలో వేగం గుర్తులు ఒకటీ అరా తప్ప పెట్టలేదు, ఎంత గట్టిగా మీటాలో చెప్పనే లేదు. ఖాళీ వదిలినచోట వాయించేవాళ్ళు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

షోస్టకోవిచ్ డి ఫ్లాట్ మేజర్ ఫ్యూగ్ (15వది) దగ్గర మాత్రం ఆమెను వెనకేసుకురాలేను. పన్నెండు స్వరస్థానాల్లో దాదాపు అన్నిటినీ చుట్టేసే పల్లవి, మాటిమాటికీ మారే తాళపు కొలత, విపరీతమైన వేగం. అక్కడ కావాల్సింది నిబ్బరం కాదు, పదును. 1990 రికార్డింగులో వేళ్ళు తడబడటం స్పష్టంగా వినిపిస్తుంది. ఆమె రికార్డింగు మూడు డిస్కులైతే, 1991లో అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ వాయించిన అవే 24 జంటలు రెండు డిస్కుల్లో పట్టాయి. వేగంలో తేడా ఎంతో అక్కడే తెలుస్తోంది. జాజ్‌లో అప్పటికప్పుడు కల్పించి వాయించే మనిషి, ఇక్కడ రాసినదాని గీత దాటలేదు. ఈ ఒక్క ఫ్యూగ్‌కి నా ఓటు ఆయనకే.

నికొలాయెవా ఈ షోస్టకోవిచ్ జంటల మొత్తాన్ని 1962, 1987, 1990లలో మూడుసార్లు రికార్డు చేశారు. దుకాణాల్లోనూ జాబితాల్లోనూ ఎక్కువగా కనిపించేది చివరిది. కొత్తగా వినేవాళ్ళు 1987 దానితో మొదలుపెట్టడం మేలు: నెమ్మదితనం అందులోనూ ఉంది, వేళ్ళు ఇంకా మాట వింటున్నాయి.