మా చిన్నరైలు రంగు ఫోటో గారికి

మహారాజశ్రీ రంగు ఫోటో గారికి,

శ్రీకాకుళం జిల్లా నౌపడ మనిషి నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం ముసలివాళ్ళం అయిపోయాం. అక్కడ మీకు ఒక్క వెంట్రుకైనా నెరవలేదని చూడగానే తెలిసింది.

నిన్న రాత్రి మా మేనల్లుడు మిమ్మల్ని నా ఫోనుకి పంపించాడు. "మావయ్యా, మీ గుణుపూర్ బండి!" అని రాసి, కింద రెండు ఏడుపు బొమ్మలు పెట్టాడు. వాడు పుట్టి పెరిగిందంతా హైదరాబాదు. ఆ బండిని ఒక్కనాడూ ఎక్కలేదు. అయినా ఏడ్చాడంటే మీ మహిమే.

చూశాను. చిన్న బొగ్గు ఇంజను, వెనక అయిదు పెట్టెలు, అటూ ఇటూ వరి, దూరంగా నీలంగా కొండలు. అంత పచ్చదనం మా చేలల్లో ఏ ఏడు పండిందో నాకు గుర్తు రాలేదు. పండి ఉంటే మా నాన్న ఎరువుల కొట్లో బాకీ ఎందుకు పడ్డాడో!

కుళ్ళుకుంటున్నాననుకోకండి. కుళ్ళే. మా పెళ్ళి ఆల్బం మా బీరువాలోనే ఉంది. అందులో నేనూ, మా ఆవిడా, పురోహితుడూ, ఆఖరికి పందిరికి కట్టిన అరటిబోదె కూడా ఒకటే కుంకుమరంగు. మామూలు ప్రింట్లలో నీలివైపు రంగు ముందు చచ్చిపోయి ఎరుపు మిగులుతుందట. మీరేమో కోడాక్రోమ్ అనే రంగు ఫిల్ము వంశం. చీకటి పెట్టెలో దాచిపెడితే తరాలు గడిచినా చెక్కుచెదరరు. నా పెళ్ళాం పట్టుచీర ఏ రంగుదో ఆల్బం చెప్పలేదు గానీ, రైలు పక్క గడ్డిపోచ ఏ రంగో మీరు కోర్టులో సాక్ష్యం చెప్పగలరు.

ఆ మాటకొస్తే మీ వంశమూ నిలవలేదు. 2009లో ఆ ఫిల్ము తయారీ ఆపేశారు. 2010 డిసెంబరు ఆఖరులో, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే ఊళ్ళో, దాన్ని కడిగే చివరి దుకాణం కూడా చేతులు కడిగేసుకుంది. నౌపడ నుంచి గుణుపూర్ పోయే మా చిన్నలైను పోయింది 2004 జూన్‌లో. మా రైలుకి మీరు దినం పెడుతున్నారు సరే, మీకెవరు పెట్టారండీ?

మీ కింద రాసినదంతా కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఇంజనుది ఏ తరగతి, నంబరెంత, ఏ కంపెనీ కట్టింది, ఎన్ని చక్రాలు లాగుతాయి, ఎన్ని ఊరికే మోస్తాయి అని జాతకచక్రం మొత్తం ఉంది. పెట్టె గుమ్మంలో వేలాడుతున్న పదిమంది గురించి ఒకటే ముక్క: 'గ్రామస్థులు'. పొగ బాగా రావాలని ఎండలో గంటలకొద్దీ కాపుకాసి మిమ్మల్ని తీసిన ఆ విదేశీ దొరని తప్పుపట్టను. ఆయన ఇంజను కోసం సముద్రాలు దాటి వచ్చాడు, మా కోసం రాలేదు. కెమెరా ఆయనది. మా వీధిలో కెమెరా అంటే టెక్కలి స్టూడియోలో, తాజ్‌మహల్ పరదా ముందు, ఊపిరి బిగబట్టి నిలబడడమే.

ఆ బండి పుట్టిన కథ మీరు చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. పెద్దలైను నౌపడ మీదుగా పోతూ తన ఊరిని మూడామడల దూరంలో వదిలేసిందని, ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడి రాజావారికి కష్టం వేసింది. ఏడు లక్షల రూపాయలు పెట్టి, పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడంతో సొంత రైలు వేయించుకున్నారు. 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. తారీఖు చూసి జనం నమ్మలేదో ఏమో, మొదటి ఏళ్ళన్నీ నష్టమే. తరవాత కాస్త లాభం కళ్ళజూసి, 1931కల్లా వంశధార పక్కనున్న గుణుపూర్ దాకా పాకింది. మొత్తం 90 కిలోమీటర్లు. అలకతో పుట్టిన రైలు నూరేళ్ళు నడిచింది. మా ఇళ్ళల్లో అలకలు నాలుగు రోజులు దాటవు.

ఇంకో సంగతి. బొగ్గుబండిలో కిటికీ పక్కన కూర్చున్న వాడికి కంట్లో నలుసు పడక తప్పదు. నేను చెయ్యెత్తగానే మా మామ్మ "నలపకొరే బావూ" అని మణికట్టు పట్టుకునేది. కొంగు కొసని ఉండలా చుట్టి, నోటి ఆవిరి పట్టి, ఆ వెచ్చదనం ఆరకముందే కంటికి అద్దేది. రెండు మూడుసార్లు అద్దాక కొంగు మీద ఆవగింజలో సగమంత నల్లచుక్క కనిపించేది. దాన్ని నాకు చూపించి, వేలితో కిటికీలోంచి ఎగరగొట్టేది. మీలో పొగ ఉంది, ఎంతో అందంగా, పింఛంలా విప్పుకుని ఉంది. నలుసు మాత్రం లేదు.

ఇక మా సంగతి. మేమేం తక్కువ తినలేదు. టెక్కలిలో బస్సు కనిపిస్తే నేను స్టేషను వైపు తల కూడా తిప్పేవాణ్ణి కాను. తొంభైల్లో బొగ్గు పోయి డీజిలు వచ్చిందని కూడా ఎవరో చెప్తే తెలిసింది. ఆఖరి బండి పోయిన రోజు విశాఖలో ఉన్నాను. పేపర్లో చదివాను, "అయ్యో" అన్నాను, పేజీ తిప్పాను. ఇప్పుడు మిమ్మల్ని ఫోన్లో తిప్పుతూ "ఆ రోజులే వేరు" అంటున్న మా బంధువుల్లో ఒకాయన, టిక్కెట్టు కలెక్టరు ఎక్కితే అవతలి గుమ్మంలోంచి దిగిపోవడంలో మా తాలూకాలోనే దిట్ట.

ఆ దారిలోనే ఇప్పుడు పెద్దలైను ఉంది, 2011కల్లా గుణుపూర్ చేరింది. గుణుపూర్‌లో ఎక్కితే విశాఖ దాకా బండి మారక్కర్లేదు. చింతపండు బస్తా నెత్తిన పెట్టుకుని నౌపడలో ఈ బండి దిగి ఆ బండికి పరిగెత్తనవసరం లేదు. దానికి ఫోటో తీసినవాడు నాకింతవరకూ తగల్లేదు. పాపం, దానికి పొగ రాదు కదా.

సరే, ఉత్తరం రాసిన అసలు పని వేరే ఉంది. రాత్రి పడుకోబోయే ముందు మిమ్మల్ని రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. అయిదో పెట్టె కిటికీలోంచి ఒక మోచెయ్యి బయటికి ఉంది. ఆకుపచ్చ గాజులు. పైన ముతక చీర కొంగు, దాని కొస చేత్తో ఉండచుట్టి పట్టుకున్నట్టే ఉంది. అక్కడితో మీ అంచు వచ్చేసింది. ముఖం లేదు.

తమరికి ఇంజను తల నుంచి తోక దాకా పట్టింది. దయచేసి ఇంకొక్క జానెడు కుడికి జరగగలరా?

ఇట్లు,
మీ 'గ్రామస్థులు' తాలూకు మనవడు

తా.క.: జరగడం కుదరకపోతే, ఆ గాజుల రంగైనా నిజమేనో కాదో తెలియజేయగలరు. మా మామ్మవి ఎరుపని మా అత్త వాదిస్తోంది.