కన్ఫ్యూజ్‌కి కర్త ఎవరప్పా?

బెంగళూరు బస్సు దిగిన ప్రతి తెలుగువాడికీ పీజీలో మంచం చూపించే ముందు ఒక ఇంగ్లిష్ క్రియ నేర్పాలని నా మనవి. అదే కన్ఫ్యూజ్.

వ్యాకరణం ప్రకారం ఒకరు కన్ఫ్యూజ్ చేయాలి, ఇంకొకరు అవ్వాలి. మనం మాత్రం వానకు తడిసినట్టు 'కన్ఫ్యూజ్ అయ్యాను' అనేసి ఊరుకుంటాం. చేసినవాడి ఊసే రాదు. ఆ మాటకొస్తే ఇంగ్లిష్‌లోనూ 'కన్ఫ్యూజ్డ్' అనే బాధితుడే ముందు పుట్టాడు. 'కన్ఫ్యూజ్ చేయడం' 19వ శతాబ్దం దాకా పెద్దగా వాడుకలో లేదు.

దీనికి ఇంకో అర్థం, ఒకదాన్ని మరొకటి అనుకోవడం. మారతహళ్లి దగ్గర ఆటోలో సందు దాటిపోతుంటే 'కుడి, కుడి!' అని అరిచాను. కన్నడంలో కుడి అంటే తాగు. డ్రైవర్ డ్యూటీలో ఉన్న మనిషి మర్యాదతో 'ఆమేలె సార్' అన్నాడు. తర్వాత తాగుతాడట. సందు వెనకబడిపోయింది. మన కుడితి కూడా ఆ కుటుంబానిదే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

ఆఫీసులో అర్థం హోదాను బట్టి మారుతుంది. మేనేజర్ 'ఐయామ్ ఎ బిట్ కన్ఫ్యూజ్డ్' అన్నాడంటే ఆయనకు అంతా అర్థమైంది, నీ పని తప్పు. అదే మాట నువ్వంటే నువ్వు మెయిల్ చదవలేదు.

అసలు మూలం లాటిన్‌లో ఉంది. కలిపి పోయడమట. సాంబార్, చట్నీ ఒకే గిన్నెలో పోయించుకునే ఊళ్లో దీన్ని వివరించక్కర్లేదు. అదే 'పోయడం' నుంచి వెనక్కి పోయడం అనే మాటా పుట్టింది: రీఫండ్. ఈ చుట్టరికం తెలియకే నేను 10 నెలల అద్దె అడ్వాన్సుగా కట్టాను.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనర్ అంకుల్ కాలెండర్ వెనక లెక్క రాశారు. పెయింటింగ్‌కి ఒక నెల. గోడకి మేకు కొట్టినందుకు కొంత. ఆ మేకు మా కంటే ముందున్నవాళ్లదని చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమప్పా, లెక్క సరిగ్గానే ఉండె. నువ్వే నన్ను కన్ఫ్యూజ్ చేస్తుండావు."

ఇన్నేళ్లలో ఆ క్రియను కర్తతో, కర్మతో సహా ఒక తెలుగు నోట వినడం అదే మొదటిసారి. కర్తను నేనే.

తర్వాత పక్కనే ఉన్న దర్శిని, అంటే నిలబడి తినే చిన్న హోటల్, నుంచి ఒక కాఫీ తెప్పించి, బై టూ అంటూ సగం నా గ్లాసులో పోశారు. లాటిన్ ప్రకారం రీఫండ్ మొదలైనట్టే.