రోజుకి 900 మందే ఎందుకు?

హవాయి దీవుల్లోని కవాయీ వెళ్ళొచ్చిన మన తెలుగు కుటుంబాల దగ్గర ఒక మాట తరచుగా వింటుంటాను. "కేయే బీచ్‌కి రిజర్వేషన్ దొరకలేదండీ. అంత ఖర్చు పెట్టి వెళ్ళి, రోడ్డు చివరిదాకా కూడా పోలేకపోయాం." రెండేళ్ళ క్రితం నేనూ ఇదే మాట అన్నాను, అదీ పిల్లల ముందు, గట్టిగా. ఆ తర్వాత ఆ ఊరి కథ చదివాను. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ ద్వీపం ఉత్తర తీరంలో రోడ్డు ఆగిపోయే చోటు హాఎనా. కేయే బీచ్ ఉన్నది అక్కడే. పూర్వం అక్కడ కొండ మీది వాగు నుంచి సముద్రంలోని పగడపు దిబ్బ దాకా అంతా కలిపి ఒకే ఏలుబడి. అహుపువా అంటారు. వాగు నీళ్ళు మళ్ళలోకి మళ్ళించి చేమ పండించేవాళ్ళు. మనం వేపుడు చేసుకునే చేమదుంపే! వరిమడిలాగే నీళ్ళు పెట్టి పెంచుతారు. ఒక మడి నుంచి పక్క మడికి, చివరికి మళ్ళీ వాగులోకే ఆ నీళ్ళు చేరతాయి. పైవాళ్ళు కట్ట వేసుకుని కూర్చుంటే కింద మడి ఎండుతుంది, ఒడ్డున చేపపిల్లలు పెరిగే చోటికి మంచినీళ్ళు చేరవు. చెరువు కింద ఆయకట్టు చూసి పెరిగిన మనకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

19వ శతాబ్దం చివర్లో అక్కడి కుటుంబాలు ఆ భూమిని కలిసి కొనుక్కున్నాయి. 1967లో కోర్టు ద్వారా పంపకాలయ్యే దాకా అది ఉమ్మడిగానే ఉంది. తర్వాత కొంత స్టేట్ పార్క్ అయింది, కొంత బయటివాళ్ళ చేతికి పోయింది. భూముల ధరలు, వాటితో పన్నులు పెరిగి పాత కుటుంబాల్లో చాలామంది ఊరు వదలాల్సి వచ్చింది. పార్క్‌కి ఒక్కో రోజు 2,000 మందికి పైగా వచ్చేవారు. తాత వల వేసిన చోటికి మనవడు వెళ్తే కారు ఆపుకునే జాగా లేదు.

అలాంటి కుటుంబాలే 1999లో ఒక సంఘంగా కూడాయి. పేరు హుయి మకాఆయినానా ఓ మకానా. పార్క్ లోపల తుప్పలు పట్టిపోయిన చేమ మళ్ళని బాగుచేయడం వాళ్ళ తొలి పనుల్లో ఒకటి. సముద్రం విషయంలో ఇంకా ఓపిక పట్టాల్సి వచ్చింది. ఇంటి అవసరాలకి చేపలు పట్టుకునే ఊళ్ళు తమ తీరానికి నియమాలు తామే రాసి ప్రతిపాదించే వీలు కల్పిస్తూ హవాయి 1994లో చట్టం చేసింది. 2006లో హాఎనా తీరాన్ని ఆ చట్టం కిందికి తెచ్చారు. నియమాల మీద గవర్నర్ సంతకం పడింది మాత్రం 2015 ఆగస్టులో. మధ్యలో తొమ్మిదేళ్ళు మీటింగులు, ముసాయిదాలు, అధికారులతో, పడవల వాళ్ళతో, సర్ఫింగ్ చేసేవాళ్ళతో వాదనలు.

ఏం రాసుకున్నారో చూడండి. అమ్మకానికి చేపలు పట్టకూడదు. స్పియర్ గన్ వాడకూడదు. చేపపిల్లలు పెరిగే మకువా మడుగులోకి ఎవరూ దిగకూడదు. ఈ నియమాలు ఊరివాళ్ళకీ వర్తిస్తాయి. తమ చేతులు తామే కట్టుకున్నారు. నన్ను కదిలించింది ఇదే.

2018 ఏప్రిల్‌లో అక్కడికి దగ్గర్లోని వైపాలో 24 గంటల్లో 49.69 అంగుళాల వాన పడింది. రాయలసీమలో రెండేళ్ళు పడే వానకి దాదాపు సమానం. కొండచరియలు విరిగి రోడ్డు మూతపడింది. 2019 జూన్‌లో పార్క్ తిరిగి తెరిచినప్పుడు, బయటి రాష్ట్రాలవాళ్ళని రోజుకి 900 మందికి పరిమితం చేశారు. హవాయి నివాసులకి రిజర్వేషన్ అక్కర్లేదు. ఆ 900 వరద తర్వాత హడావిడిగా పెట్టిన అంకె కాదు, పార్క్ మాస్టర్ ప్లాన్ కోసం ఏళ్ళ తరబడి సాగిన చర్చల్లోంచి వచ్చింది. పార్కింగ్, షటిల్ పనుల్లో ఆ కుటుంబాల సంఘానికి భాగం ఉంది. ఊరు వదిలి వెళ్ళిన కుటుంబాల పిల్లలకి అక్కడే పని దొరికే దారి పడింది. నాకు దొరకని ఆ రిజర్వేషన్ వెనక ఇంత ఉంది.

మన వైపు చూస్తే మనసు బరువెక్కుతుంది. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు ఊపిరాడక ఉన్న మాట నిజం, ఆ పని అవసరమే. కానీ వందల ఎకరాలు లీజుకి తీసుకున్న పెట్టుబడిదారుడినీ, అంతకు ముందు ప్రభుత్వమే ప్రోత్సహించిన సొసైటీ చెరువు మీద బతికే వడ్డీల (అక్కడి మత్స్యకార కులం) కుటుంబాన్నీ ఒకే గాటన కట్టారు. డబ్బున్నవాడు వేరే చోట చెరువు తవ్వుకున్నాడు. వడ్డీలు ఎక్కడికి పోతారు? కొన్నేళ్ళకి అక్రమ చెరువులు మళ్ళీ లేచాయి. గీత గీసేటప్పుడు పిలవని మనుషులు ఆ గీతకి కాపలా కాయాలని ఎలా అనుకుంటాం?

అలాగని ఊరి చేతిలో పెడితే చాలని కూడా నేను అనను. పులికాట్ సరస్సులో, ముఖ్యంగా తమిళనాడు వైపు, రొయ్యలు పట్టే చోట్లని వంతులవారీగా పంచుకునే ‘పాడు’ అనే పేరున్న పద్ధతి ఉంది. ఒకరి మీద ఒకరు పడకుండా, సరస్సుని ఒక్కసారే ఊడ్చేయకుండా ఆపిన గొప్ప ఏర్పాటు అది. కానీ ఆ వంతు కొన్ని కులాల మగవాళ్ళకే. చేతులతో రొయ్యలు ఏరే ఇరుళ గిరిజన ఆడవాళ్ళకి అందులో చోటు లేదు. ఊరు అన్నప్పుడు ఊళ్ళో ఎవరు అని అడగాల్సిందే.

ఇదంతా మన సంఘం పత్రికలో రాయడానికి కారణం ఉంది. కోనసీమ, కాకినాడ తీరంలో మడ మొక్కలు నాటించడానికి ఈ ఏడాది విరాళాలు సేకరిద్దామని మన కమిటీలో మాట వచ్చింది. నేనూ ఇస్తాను. ఒక్కటే కోరుతున్నాను. మొక్కల లెక్క, ఫొటోల తేదీ, బ్యానర్ మీద పేర్లు తేల్చుకునే ముందు, మనలో ఈ చలికాలం ఇంటికి వెళ్ళేవాళ్ళు ఇద్దరు ఆ ఊళ్ళలో నాలుగు రోజులు ఉండి రండి. పీతలు పట్టేవాళ్ళని, గవ్వలు ఏరే ఆడవాళ్ళని, పడవ లేనివాళ్ళని విడివిడిగా అడగండి. ఏ బురద మీద మొక్క నాటితే వాళ్ళ పడవ దారి మూసుకుపోతుందో, ఎక్కడ నాటితే తుఫానుకి గట్టు నిలుస్తుందో వాళ్ళకే తెలుసు. వాళ్ళు ఫలానా చోట వద్దంటే అక్కడ నాటొద్దు. అసలు మొక్కలే వద్దు, మురుగుపోయే కాలవ బాగుచేయించండి అంటే, ఆ డబ్బు కాలవకే ఇద్దాం.