ఫ్రిజ్ కొన్ని మాంసాహార మొక్కలకే పనికొస్తుంది
పురుగులను పట్టి తినే మాంసాహార మొక్కలన్నిటినీ శీతకాలంలో మూడు నెలలపాటు ఫ్రిజ్‌లో ఉంచాలని ఒక వ్యాసకర్త రాశారు. ఆ సూచన వీనస్ ఫ్లైట్రాప్ (ఆకులను బోనులా మూసి పురుగులను పట్టేది), సారసేనియా (గొట్టాల్లాంటి ఆకులున్నది) వంటి సమశీతోష్ణ ప్రాంతపు మొక్కలకు సరిపోతుందే గాని, నిద్రాకాలమే (చలికి ఎదుగుదల ఆపే విరామం) అవసరం లేని నెపెంథిస్‌కూ (ఉష్ణమండలపు కూజా మొక్క), కేప్ సన్‌డ్యూకూ (జిగురు ఆకుల మొక్క) వర్తింపజేస్తే వాటి ప్రాణం మీదికి వస్తుంది. ఫ్లైట్రాప్ స్వస్థలమైన అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలైనా రాష్ట్రాలలో చలికాలం ఉంటుంది కనుక, పగటి వేళ తగ్గి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన నిలిచినప్పుడు అది ఎదుగుదల ఆపి, మట్టిలోని దుంపలో దాచుకున్న శక్తితో గడుపుతుంది. నేను మొదటిసారి ఫ్లైట్రాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు నల్లబడిన ఆకులు కత్తిరించకుండా, నీరోడుతున్న పీట్‌తోనే (కుళ్లిన నాచు మట్టి) సంచిలో చుట్టేశాను. ఆరు వారాలకు తెరిచి చూస్తే ఆకుల మొదళ్ల చుట్టూ బూడిదరంగు బూజు దూదిలా అల్లుకుని ఉంది. మరుసటి ఏడు ఎండుటాకులన్నీ తీసేసి, తడి స్ఫాగ్నం నాచును (నీటిని పట్టి ఉంచే నాచు) గట్టిగా పిండి దుంపకు చుట్టి, రెండు వారాలకొకసారి సంచి విప్పి చూస్తూ వచ్చాను (ఇంట్లోవారి విసుగు వేరే సంగతి). దుంప తెల్లగా, గట్టిగా నిలిచింది. అయినా చల్లని గదిలో వెలుతురు వచ్చే కిటికీ ఉన్నవారు ఫ్రిజ్ జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నెలల్లోనూ ఫ్లైట్రాప్‌కు కొన్ని పచ్చని ఆకులు మిగిలే ఉంటాయి, వాటికి వెలుతురు పనికొస్తుంది.