సీడీకి వెల పెట్టాలా, వద్దా?

2009 వేసవిలో ఒక ఆదివారం, చెన్నై వేలచేరిలోని ఒక మేడమీద గదిలో జరిగిన వాదం ఇది. నెల్లూరు జిల్లా బళ్లకూ, అక్కడి విద్యార్థులకూ విండోస్ బదులు వాడుకోదగ్గ, ఎవరైనా కాపీచేసి పంచుకోగల ఉబుంటు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలు పంచాలని మా చిన్న బృందం అప్పటికే తీర్మానించుకుంది. వాటికి వెల పెట్టాలా వద్దా అన్న దగ్గర, తరమణిలో ఉద్యోగం చేస్తున్న ఇంజనీరమ్మాయికీ, ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మాస్టారికీ మాట పడలేదు. రిచీ స్ట్రీట్‌లో కొన్న యాభై ఖాళీ సీడీల డబ్బా ఇద్దరి మధ్యా బల్లమీద ఉంది.

ఇంజనీరు: మాస్టారూ, ఒక్క పైసా కూడా తీసుకోకూడదని నా అభిప్రాయం. 700 మెగాబైట్ల సీడీని 56 కిలోబిట్ల డయలప్ మీద దింపుకోవాలంటే, లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉన్నా 29 గంటలు పడుతుంది. ప్రభుత్వం 2004లో బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించిన 256 కిలోబిట్ల వేగంతోనైనా ఆరు గంటలు దాటుతుంది. అంత సౌకర్యం లేనివాళ్ల కోసమే కదా మనం పూనుకున్నది! ఉబుంటును తయారుచేసే కనోనికల్ సంస్థ కూడా 2004లో దాని మొదటి విడుదల నుంచీ, అడిగినవాళ్లకు తపాలా ఖర్చు తానే భరించి సీడీలు పంపుతోంది.

మాస్టారు: అలా పంపినవి ఏమయ్యాయో కూడా చూడాలి కదమ్మా. నేను పనిచేసిన బడికి అలాంటివి పాతిక వచ్చాయి. పోయిన నెల వెళ్లి బీరువా తీయిస్తే, వాటిలో చాలావరకు అట్టకవరు కూడా విప్పకుండా సున్నపు పొడి పట్టి ఉన్నాయి. పది రూపాయలు పెట్టి కొన్నవాడు కనీసం ఒక్కసారైనా డ్రైవులో పెట్టి చూస్తాడు. డబ్బు తీసుకుంటే సిద్ధాంతానికి మచ్చ అనుకుంటున్నావేమో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మనే 1985లో ఈమాక్స్ అనే తన ప్రోగ్రాము టేపును 150 డాలర్లకు అమ్మారు. ఇంగ్లీషులో ఉచితానికీ, స్వేచ్ఛకూ ‘ఫ్రీ’ అని ఒకటే మాట కాబట్టి వాళ్లు ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన భాష విడదీసి పెట్టినదాన్ని మనమెందుకు కలపాలి?

(ఈ ఒక్క మాట దగ్గర నేను పూర్తిగా మాస్టారి పక్షం.)

ఇంజనీరు: ఆ తేడా నేనూ ఒప్పుకుంటాను. కానీ అమ్మితే మన బాధ్యత మారుతుంది. లినక్స్ లైసెన్సు అయిన జీపీఎల్ 1991 నాటి రెండో రూపం ప్రకారం, ప్రోగ్రాము ఇచ్చేవాడు సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠాన్ని, వెంటనే జతచేసి ఇవ్వాలి, లేదా కనీసం మూడేళ్లపాటు ఎవరడిగినా ఇస్తానని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. తనకు అందిన హామీనే ముందుకు అందించే వెసులుబాటు వ్యాపారం కాని పంపిణీకి మాత్రమే ఉంది. పది రూపాయలు పుచ్చుకున్నాక, రెండేళ్లకు గూడూరు నుంచి ఎవరో సోర్స్ అడిగితే మనలో ఎవరు పంపుతారు?

మాస్టారు: నేను పంపుతాను. ఆ బరువు మన మీద ఉండటమే మంచిదంటాను. నా అసలు భయం వేరే ఉంది. పోయినేడాది ఒక డిగ్రీ కుర్రవాడికి నేనే సీడీ ఇచ్చి, ఇది లైవ్ సీడీ, హార్డ్‌డిస్కును తాకకుండా మెమరీలోనే నడుస్తుంది, నిర్భయంగా చూడమని చెప్పాను. చూశాడు, నచ్చింది, తెరమీద కనిపించిన ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కాడు. డిస్కు మొత్తం వాడుకొమ్మనే వరుసను ఎంచుకుని ముందుకు వెళ్లాడు. వాళ్ల అక్క పెళ్లి ఫొటోలు, అతని ప్రాజెక్టు రికార్డు అన్నీ పోయాయి. ఆ వరుస దగ్గర ఆగమని నేను చెప్పలేదు.

ఇంజనీరు: ఎంత బాధ కలిగిందో నాకు అర్థమవుతోంది మాస్టారూ. అయితే పది రూపాయలిచ్చి కొన్నా అతను అదే బొమ్మ నొక్కేవాడు. దానికి కావలసింది పక్కన కూర్చునే మనిషి.

మాస్టారు: ఆ మనిషిని పిలిచే చొరవ ఎక్కడి నుంచి వస్తుందమ్మా? ఊరికే తీసుకున్నవాడు మళ్లీ మన గుమ్మం ఎక్కడానికి మొహమాటపడతాడు. ఆ కుర్రవాడు మూడు వారాలు నాకు చెప్పనే లేదు. డబ్బు ఇచ్చి ఉంటే, నీ సీడీ నా కంప్యూటరును పాడుచేసిందని మర్నాడే వచ్చి నిలదీసేవాడు.

ఆ మాటకు ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. డబ్బా మూత తీసి పైనున్న సీడీని చేతిలోకి తీసుకుంది.

ఇంజనీరు: ఈ 700 మెగాబైట్లలో అన్ని భాషలకూ చోటు చాలక, తెరమీది మాటలను తెలుగులో చూపే తెలుగు ప్యాకును విడిగా నెట్ నుంచి దింపుకోవలసి వస్తోంది. నెట్ లేనివాడికి మనం సీడీ ఇస్తున్నాం. అతను తెలుగు కావాలంటే మళ్లీ నెట్ దగ్గరికే పొమ్మంటున్నాం. ఇక్కడ చెన్నైలో ప్రభుత్వ సంస్థ సీడాక్ వారు భారతీయ భాషలతో బాస్ లినక్స్ చేశారు, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే వ్యవస్థను తెచ్చింది. మనం కనీసం రెండో సీడీ ఒకటి తయారుచేసి, అందులో తెలుగు ప్యాకు, పోతన, వేమన ఫాంట్లు పెట్టి ఇస్తే, ఉబుంటులో ప్రోగ్రాములు ఎక్కించే సినాప్టిక్‌లో సీడీని జతచేసుకుని నెట్ లేకుండానే ఎక్కించుకోవచ్చు.

మాస్టారు: ఇది చేయవలసిన పని. సీడీ మీద విడుదల సంఖ్య 8.04 అనీ, 2011 దాకానే సవరణలు వస్తాయనీ, ఆదివారం ఉదయం మనం ఈ నంబరులో దొరుకుతామనీ మార్కరుతో నేను రాస్తాను. రెండూ కలిపి ఇరవై రూపాయలు.

ఇంజనీరు: ఇళ్లకు ఇరవై, బళ్లకు ఊరికే అంటే ఒప్పుకుంటాను.

మాస్టారు: బళ్లకూ ఇరవయ్యే. ఆ బీరువా తీయించినవాణ్ణి నేను.