ఫ్రాన్సుకు కారులో వెళ్లబోయే మనవాళ్లతో కొంచెం మాట్లాడాలి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఇంగ్లండులోని మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. కారులో ఫ్రాన్స్ వెళ్తున్నాం, మద్యం తాగామో లేదో ఊది చూసుకునే బ్రెత్ అనలైజర్ కొనాలా అన్నది మొదటిది. స్పీడ్ కెమెరాలను ముందుగా చూపించే యాప్ ఏది మంచిది అన్నది రెండోది. ఏటా ఫ్రాన్స్ తీరంలోని కాలే పట్టణం మీదుగా అటు వెళ్లివచ్చే నాకు ఈ ప్రశ్నలకంటే వాటికి వచ్చే జవాబులే ఎక్కువ చిరాకు తెప్పిస్తున్నాయి. ఎత్తేసిన నిబంధన కోసం డబ్బు పెట్టి కొంటున్నాం, అమల్లో ఉన్న నిబంధనకు పక్కదారి వెతుకుతున్నాం.

మొదటిదాని కథ చిన్నది. ప్రతి వాహనదారుడూ వాడని బ్రెత్ అనలైజర్ ఒకటి కారులో ఉంచుకోవాలని ఫ్రాన్స్ 2012 జూలై 1 నుంచి నియమం పెట్టింది. లేకపోతే 11 యూరోల జరిమానా అన్నారు, దాన్ని వాయిదా వేశారు, 2013 మొదట్లో మొత్తానికే వదులుకున్నారు. జరిమానా లేని ఆ నియమం పుస్తకాల్లో మరికొన్నేళ్లు మిగిలి, చివరికి 2020 మేలో రద్దయింది. ఊది చూసుకుంటే అది వాడినదైపోతుంది కాబట్టి రెండు పెట్టుకోండని అప్పట్లో ఇచ్చిన సలహానే ఈరోజుకూ మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చచ్చిన పాముకు ఇంకా కర్రలు కొంటున్నామన్నమాట.

ఈ గొడవలో అసలు చెప్పుకోవలసిన అంకె మరుగున పడిపోతోంది. ఇంగ్లండులో లీటరు రక్తానికి 0.8 గ్రాముల ఆల్కహాలు దాకా అనుమతిస్తారు, ఫ్రాన్స్‌లో హద్దు 0.5 గ్రాములే, కొత్తగా లైసెన్సు పొందినవారికైతే 0.2 మాత్రమే. అంటే ఇంగ్లండు తీరంలోని ఫోక్‌స్టన్‌లో రైలెక్కిన కారు ముప్పై అయిదు నిమిషాల్లో సముద్రం కింది సొరంగం దాటేసరికి, ఇక్కడ చట్టబద్ధంగా నడపగలిగిన మనిషి అక్కడ నేరస్తుడు కావచ్చు. మన దేశంలో హద్దు 0.3 అని గుర్తున్నవారు కూడా ఇక్కడికి వచ్చిన కొన్నేళ్లకే 0.8కి అలవాటు పడిపోతున్నారు.

ఇక కెమెరాల సంగతి. వాటి స్థానాలను చూపించి హెచ్చరించే పరికరాలను ఫ్రాన్స్ 2012 జనవరిలో నిషేధించింది, జరిమానా 1,500 యూరోల దాకా ఉంటుంది. అయితే ఆ నిషేధంతోపాటు వాళ్లు కనిపెట్టిన మధ్యేమార్గం నాకు చాలా తెలివైనదనిపిస్తుంది. పరికరం కెమెరా ఉన్న చోటును చూపకూడదు, “ప్రమాద ప్రాంతం” అని మాత్రం చెప్పవచ్చు, ఆ ప్రాంతం మోటారు మార్గంలో 4 కిలోమీటర్లు, ఊరి బయటి రోడ్డు మీద 2 కిలోమీటర్లు, ఊళ్లో 300 మీటర్లు ఉండాలి. కెమెరా ఖచ్చితంగా ఎక్కడుందో తెలిస్తే మనం దాని ముందు బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ పరుగెత్తుతాం. తెలియకపోతే నాలుగు కిలోమీటర్లూ బుద్ధిగా నడపక తప్పదు. అందుకే ఎవరైనా ఫోనులో కెమెరా స్థానాలను చూపించే సౌకర్యం పెట్టుకుని ఉంటే కాలే చేరేలోగా దాన్ని ఆపేయండి.

బ్రెగ్జిట్ తరవాత రెండు దేశాల మధ్య వాహన యజమానుల వివరాల మార్పిడి ఆగిపోయింది కాబట్టి ఇంగ్లండు నంబరు కార్లకు ఇంటికి నోటీసు రాదులే అని ధైర్యం చెప్పే పెద్దమనుషులు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. కెమెరా వరకు ఆ మాటలో కొంత నిజముంది. పోలీసు ఆపితే మాత్రం అక్కడికక్కడే కట్టాలి, వేగం హద్దుకంటే గంటకు 40 కిలోమీటర్లు ఎక్కువైతే లైసెన్సు కూడా అక్కడే వదులుకోవాలి. పైగా పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నవారు నోటీసు రాదన్న లెక్కతో వేగం నిర్ణయించుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. హైదరాబాదులో శనివారం రాత్రి తనిఖీలు ఏ చౌరస్తాలో జరుగుతున్నాయో మెసేజీలు పంపుకునే అలవాటే ఇంగ్లిష్ ఛానల్ దాటి ఇక్కడిదాకా వచ్చినట్టుంది.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను. మూడేళ్ల క్రితం దక్షిణ ఫ్రాన్స్‌లోని నీస్‌లో అద్దెకు తీసుకున్న కారుతో ఒక చిన్న ఊళ్లో 63 కిలోమీటర్ల వేగంతో దొరికిపోయాను. అయిదు కిలోమీటర్ల వెసులుబాటు తీసేసి 58గా లెక్కగట్టారు, త్వరగా కట్టినందుకు 135కు బదులు 90 యూరోలతో సరిపోయింది, నా వివరాలు అందించినందుకు అద్దె కంపెనీ వసూలు చేసిన రుసుము దానికి అదనం. ఆ రోడ్డు మీద వేగ పరిమితి బోర్డే లేదని చాలా రోజులు వాదించాను. నిజానికి బోర్డు ఉంది. ఎర్ర అంచుతో తెల్లటి పలక మీద ఊరి పేరు రాసి ఉంటే, వేరే అంకె లేనంతవరకు అక్కడి నుంచి హద్దు 50 అని అర్థం. అదే పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉన్న పలక వచ్చేదాకా ఆ హద్దు కొనసాగుతుంది. మన కార్లలో మీటరు మైళ్లలో ఉంటుంది కాబట్టి 50 అంటే 31 మైళ్లని, మధ్యలో విభజన లేని మామూలు రోడ్ల మీద చాలా చోట్ల ఉండే 80 అంటే 50 మైళ్లని ఒక చీటీ మీద రాసి స్టీరింగు పక్కన అంటించుకున్నాను. గ్రూపులో ఈసారి ఎవరైనా యాప్ పేరు అడిగితే ఆ చీటీ ఫొటోనే పెడతాను.