క్లోజ్ టు ది ఎడ్జ్ వినకుండా ప్రాగ్ రాక్ బోర్ అనకండి ప్లీజ్

ప్రాగ్ రాక్ (ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడవాటి, చిక్కైన పాటల రాక్) అనగానే "అబ్బా, ఇరవై నిమిషాల పాటలు, ఎవడి సోలో వాడిది, షో ఆఫ్ తప్ప ఏముంది అందులో" అనే బ్యాచ్ ఒకటుంది. కొన్ని ఆల్బమ్స్ విషయంలో వాళ్ళ మాట నిజమే, కాదనను. యెస్ బ్యాండే 1973 చివర్లో నాలుగంటే నాలుగు పాటలతో ఏకంగా డబుల్ ఆల్బమ్ వదిలింది, అది మొత్తం వినే ఓపిక నాకే లేదు. కానీ అదే యెస్ 1972లో తెచ్చిన క్లోజ్ టు ది ఎడ్జ్ ఆల్బమ్‌ని కూడా అదే గాటన కట్టేస్తే మాత్రం ఒళ్ళు మండుద్ది.

ఉన్నవి మూడే పాటలు. రికార్డు మొదటి వైపంతా టైటిల్ ట్రాకే, 18 నిమిషాల పైన. పక్షుల కూతలు, నీళ్ళ చప్పుడు మెల్లగా పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి స్టీవ్ హౌ గిటార్ మీద పడుద్ది, ఇక చూస్కోండి, గిటార్ ఒక దారి, బేస్ ఒక దారి, డ్రమ్స్ ఇంకో దారి, మధ్యలో అందరూ టక్కున ఆగి గొంతులతో ఒక్క "ఆ", మళ్ళీ గోల. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండ్రా బాబూ! ఆ గోల కావాలని పెట్టిందే. అది భరించాక అసలు ట్యూన్ వస్తే అప్పుడు తెలుస్తది దాని రుచి.

నడుమ భాగం ఇంకో లెవెల్. డ్రమ్స్ పూర్తిగా తప్పుకుని నిమిషాల తరబడి ఎక్కువగా గొంతులూ కీబోర్డులే, ఆ నిశ్శబ్దం మీద రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్ విరుచుకుపడుద్ది. లండన్‌లో నిజం చర్చికెళ్ళి రికార్డ్ చేశారు దాన్ని. ఆ ఆర్గన్ ముక్క ఒక్కటే కట్ చేసి వింటే ఓవర్ యాక్షన్ అనిపించొచ్చు, వరసలో వింటే మాత్రం ఒళ్ళు జలదరిస్తది.

అసలు నాకు మతిపోయేది ఇది అతుకుల పని అని తెలిశాక. స్టూడియోలో కొంచెం కొంచెం వాయించి, టేపు ముక్కలు అతికించుకుంటూ పోయారు, సౌండ్ ఇంజనీర్ ఎడీ ఆఫర్డ్ చేతి చలవ. వింటే ఒక్క ఊపిరిలో పాడినట్టే ఉంటది. డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్‌కి ఈ నత్తనడక పద్ధతి విసుగొచ్చేసింది, రికార్డింగ్ అవ్వగానే కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో ప్రాగ్ బ్యాండ్‌లోకి వెళ్ళిపోయాడు, పాపం అతని బదులొచ్చిన అలన్ వైట్ టూర్ ముందు ఆఖరి రోజుల్లో ఇదంతా నేర్చుకోవాల్సొచ్చింది. బ్రూఫోర్డ్ విసుగు కూడా ఆల్బమ్‌కి మంచే చేసిందని నా ఫీలింగ్. మిగతావాళ్ళు ఆకాశంలో తేలుతుంటే ఆ పొడి స్నేర్ డ్రమ్ దెబ్బే కాళ్ళు నేల మీద ఉంచుద్ది.

లిరిక్స్ అర్థం అడక్కండి. హెర్మన్ హెస్సే సిద్ధార్థ నవల, అందులోని నది ప్రేరణ అంటారు, సరే. సింగర్ జాన్ ఆండర్సన్ మాటల్ని అర్థం కోసం కన్నా చప్పుడు కోసం ఏరుకుంటాడు, ఆ గొంతుకి అది చెల్లింది.

రెండో వైపు మిగతా రెండు పాటలు: "అండ్ యూ అండ్ ఐ" హాయిగా ఉంటది, "సైబీరియన్ ఖాత్రు"లో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ రిఫ్ రెండ్రోజులు బుర్రలోంచి పోదు.

2013లో స్టీవెన్ విల్సన్ అనే మ్యుజీషియన్ చేసిన రీమిక్స్ కూడా ఉంది. ముందు ఒరిజినలే వినండి, కానీ క్రిస్ స్క్వైర్ వాయించిన రికెన్‌బ్యాకర్ కంపెనీ బేస్ గిటార్ ఒక్కో నోటూ విడిగా వినబడాలంటే రీమిక్సే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, షఫుల్ ఆపేసి.